శరత్తు పూలు – సర్కారు దస్త్రాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల చరిత్ర నాకు రాదు, పహాణీల చరిత్ర అయితే రాయగలనన్నాను. ఆయన నవ్వి, అదే రాయండి అన్నారు. రెవెన్యూ శాఖలో ముప్పయి అయిదేళ్ళు కలం అరగదీసి, 2008లో పదవీ విరమణ చేసి, నల్లగొండ జిల్లాలోని మా ఊరి పాత ఇంటికి చేరుకున్నవాణ్ణి. ఇంటి వెనుక ఆరు గుంటల పెరడు ఉన్నది. ఈ వ్యాసం ఆ పెరట్లో ఆశ్వయుజ మాసంలో పూసే పూలను గురించి. పూలకూ పహాణీలకూ ఏమి సంబంధమని మిత్రులు అనుకోవచ్చు. ఉన్నది, మనవి చేస్తాను.

మా పెద్దమ్మాయి అమెరికాలో ఉంటున్నది. ప్రతి అక్టోబరులోనూ అక్కడి మేపుల్ చెట్ల ఫోటోలు పంపుతుంది. ఆకులన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా చూడ ముచ్చటగా ఉంటాయి. చలి దేశాలలో పగటి పొద్దు తగ్గేసరికి ఆకులోని పచ్చదనం విరిగిపోయి, అడుగున ఎప్పటినుంచో ఉన్న పసుపు రంగు బయటపడుతుందట. ఎరుపు మాత్రం కొన్ని చెట్లు అప్పటికప్పుడు తయారు చేసుకుంటాయట. "మన దగ్గర ఇట్లాంటి శరత్తు లేదు గదా నాన్నా" అని ఒకసారి రాసింది. తప్పు ఆ పిల్లది కాదు. బడిలో ఆటమ్ అంటే శరదృతువు అనీ, ఆకురాలు కాలం అనీ రెండూ కలిపి నేర్పినవాళ్ళం మనమే. మన అడవులలో ఆకు రాలేది మాఘ ఫాల్గుణాలలో. టేకు, మోదుగ అప్పుడు మోడులవుతాయి. శరత్తులో మన చెట్లన్నీ వానకు తడిసి నిండు పచ్చగా ఉంటాయి. మన శరత్తు రంగు చెట్టు తలమీద కాదు, నడుము ఎత్తున ఉంటుంది. వానలు వెనుకపట్టి హస్త కార్తె వచ్చేసరికి బంజరు భూములలో తంగేడు పసుపు, జొన్నచేలలో గునుగు తెలుపు. తలెత్తి చూసేవాడికి అది కనపడదు.

బతుకమ్మను గురించి ఈ సంచిక చదివేవారికి చెప్పవలసిన పని లేదు గానీ, కోస్తా జిల్లాలలో స్థిరపడిన మిత్రులు కొందరున్నారు కనుక రెండు ముక్కలు. భాద్రపద అమావాస్య, మా వైపు పెత్రామాస అంటారు, ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల, సీతమ్మజడ, పోకబంతి వరుస వరుసగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. గునుగు పూలను సమానంగా కత్తిరించి, కొసలు రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టే పని మా చిన్నతనంలో మగపిల్లలది. చేతుల రంగు దసరా దాకా పోయేది కాదు.

ఈ పూలలో మనవి ఏవి, బయటినుంచి వచ్చినవి ఏవి అని లెక్క తీస్తే నాకే ఆశ్చర్యం వేసింది. బంతి సొంత ఊరు మెక్సికో. పోర్చుగీసువారి ఓడలు తిరిగిన కాలంలో, అంటే పదహారో శతాబ్దం తరువాత మన దేశానికి చేరింది. మెక్సికోలో నేటికీ చనిపోయిన పెద్దల పండుగకు బంతిపూలే వాడతారట. పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రామాస నాడు మనం అదే పువ్వు తెంపుతున్నాం. ఎవరు ఎవరికి చెప్పారు గనుక! గుమ్మడి కూడా అమెరికా ఖండాలదే (బూడిద గుమ్మడి వేరు, అది ఆసియాది). పోకబంతి, సాయంత్రం పూసే చంద్రకాంత, ఇవీ అటునుంచి వచ్చినవే. చామంతి చైనాది. గునుగు ఆఫ్రికాలోనూ ఉన్నది, ఇక్కడా ఉన్నది. మొదట ఎక్కడిదన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. ఖచ్చితంగా ఈ దక్కను నేలదే అని చెప్పదగ్గది తంగేడు. దక్షిణ భారతం, సింహళం దాని పుట్టినిళ్ళు.

వచ్చినవాటిని పరాయివి అనడానికి నాకు నోరు రాదు. నాలుగు వందల ఏళ్ళు మనతో కాపురం చేసిన బంతిని ఏమని వెళ్ళగొడతాం? నేను గమనించినది వేరొకటి. దూరదేశాలనుంచి వచ్చినవన్నీ పెరట్లో ఉన్నాయి. వాటికి పాదు, నీళ్ళు, కంచె ఉన్నాయి. మనవైన తంగేడు, గునుగు మాత్రం ఊరి బయట ఉన్నాయి. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. మా అమ్మ పెరట్లో బంతికి మళ్ళు కట్టేది గానీ, తంగేడు మొలిస్తే పీకి పారేసేది. "బయట బండెడున్నది, ఇంట్లెందుకు?" అనేది. ఆ మాట ఆనాటికి నిజమే.

మన ప్రాంతపు మొక్కలను మొదట కాగితం మీద పెట్టినవారెవరని రిటైరైన తరువాత లైబ్రరీలో కూర్చుని కొంత చదివాను. నిజాం ఇలాకాలో కాదు, కంపెనీ ఏలుబడిలోని గోదావరి తీరాన జరిగింది ఆ పని. లినేయస్ శిష్యుడైన కోనిగ్ అనే వైద్యుడు మద్రాసు కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పని చేసి, 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్ను మూశాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే మరొక వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడ తోట వేశాడు. 1787 నాటి తుఫాను ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోయాయి. అంతటితో మానుకోక మళ్ళీ మొదలుపెట్టాడు. దేశీయ చిత్రకారులను పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు బదిలీ అయినా, కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో లండనులో అచ్చయింది. ఆయనేమో 1815లోనే పోయాడు.

నాకు నచ్చినదేమంటే, రాక్స్‌బర్గ్ ఒక్కొక్క మొక్కకు లాటిన్ పేరు పెట్టి ఊరుకోలేదు. ఊరివాళ్ళు దాన్ని ఏమంటారో 'తెలింగ' పేరు కూడా పక్కన రాసుకున్నాడు. జ్వరానికి పనికొస్తుందని సోమిద చెట్టు బెరడును గురించి ప్రత్యేకంగా రాశాడు. ఆ చెట్టుకు తరువాతి శాస్త్రజ్ఞులు స్థిరపరచిన లాటిన్ పేరు 'సోయ్మిడా'. మన తెలుగు మాటే అది. పరదేశి డాక్టరు కూలివాణ్ణి అడిగి పేరు రాసుకున్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పేరు అడిగి రాసుకోవలసిన పని ఒకప్పుడు నాకూ పడింది. నేను రాయలేదు.

ఆ సంగతికి ముందు తంగేడు ఎందుకు పనికొస్తుందో చెప్పాలి. తోలు పదును చేయడానికి దాని బెరడును మించినది లేదని పాతకాలంలో పేరు. ఊరి చివర లందలలో తోళ్ళు నానేసేది తంగేడు చెక్కతోనే. మోట బావుల కాలంలో మోట బొక్కెన తోలు, చెప్పులు, డప్పు, ఎడ్ల పట్టెడలు, ఇవన్నీ ఏదో ఒక మెట్టున లంద దగ్గరికి పోవలసినవే. మద్రాసు రాష్ట్రంలో ఇదే చెక్కతో పదును చేసిన తోళ్ళు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల బూట్లకు ఆ తోళ్ళు కావలసి వచ్చి బ్రిటిష్ ప్రభుత్వమే కొనుగోలు చేసింది. తరువాత దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క, రసాయనాలతో చేసే క్రోమ్ తోలు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. అయినా ఊళ్ళలో తంగేడు పని ఆగలేదు. రొల్ల వరిమళ్ళలో తొక్కి ఎరువు చేసేవారు. పుల్ల పళ్ళు తోముకోవడానికి. పూలు, ఆకులు మందుకు. పశువులు ముట్టవు కనుక మేతభూమిలో కూడా దానికి భయం లేదు. పసుపురంగు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయి. రైతుకూ, మాదిగవాడకూ, ముత్తయిదువకూ, పురుగుకూ అందరికీ కావలసిన చెట్టు అన్నమాట.

ఇప్పుడు దస్త్రం సంగతి. 1979లో నేను ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా ఉన్నాను. ఏ తాలూకా, ఏ గ్రామం అన్నది ఇక్కడ అనవసరం. పహాణీలో (కోస్తా మిత్రులకు అడంగల్) బంచరాయి అని, అంటే పశువుల మేతభూమి అని రాసి ఉన్న ఒక సర్వే నంబరులో 62 ఎకరాలను ఖారిజ్ ఖాతాకు మార్చి, భూమిలేని 31 కుటుంబాలకు లావుణి పట్టాలివ్వాలన్నది ప్రతిపాదన. మంచి ప్రతిపాదన. ఆ మాట ఇప్పుడూ అంటాను. ఆ కుటుంబాల వారికి అంతవరకు కాళ్ళకింద నేల లేదు.

గ్రామంలో విచారణ పెట్టారు. చావడి ముందు వేపచెట్టు కింద బల్ల వేసి గిర్దావరుగారు కూర్చున్నారు. పటేలు, పట్వారీ అటూ ఇటూ నిలబడ్డారు. పంచనామా రాయడానికి నేను. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని డప్పు చాటింపు అయింది. ఎవరూ మాట్లాడలేదు. చివర కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది.

"సారూ, భూములిచ్చుడు మంచిదే. గరీబోళ్ళకే ఇస్తున్రు. గని మరి తంగెడు పూలకు మేం యాడికి పోవాలె? గుట్టకింద ఓ మూల ఇడిసిపెట్టున్రి."

గిర్దావరుగారు నవ్వి, "పువ్వులకు సర్వే నంబరు ఉంటదా అవ్వా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కూడా కొంచెం నవ్వి కూర్చున్నది. పంచనామాలో నేను "అభ్యంతరములేవియు రాలేదు" అని రాశాను. ఆఫీసుకు వచ్చి తయారు చేసిన నోటులో ఇంకొక వాక్యం కలిపాను. "సదరు భూమియందు తంగేడు పొదలు తప్ప ఉపయోగకరమైన వృక్షములేవియు లేవు." నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పైవారు మెచ్చుకునేవారు. ఆ నోటు మీద మార్పులేమీ లేకుండా సంతకం అయింది.

నన్నెవరూ ఆ వాక్యం రాయమనలేదు. అది లేకపోయినా పట్టాలు వచ్చేవి. ఆమె అడిగిన మూల రెండెకరాలకు మించదు. అభ్యంతరమని కాకపోయినా, విన్నపమని ఒక వరుస రాసి ఉంటే పై అధికారి విడిచిపెట్టేవాడో లేదో తెలియదు గానీ, కాగితం మీద ఉండేది. కాగితం మీద లేనిది జరగలేదని నమ్మే ఉద్యోగం మనది.

న్యాయంగా చెప్పవలసి వస్తే, తంగేడు ఆ ఏడే పోలేదు. పట్టా పొందినవారు ఆముదం, జొన్న వేశారు. గట్ల మీద తంగేడు మిగిలింది, జొన్నలో గునుగు తెల్లగా ఊగింది. గునుగు లేత ఆకు కూర వండుకుని తిన్నారు కూడా. తరువాత జొన్న పోయి పత్తి వచ్చింది. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చాక మా వైపు మెట్టంతా పత్తే. గట్లు సన్నబడ్డాయి. కలుపు మందులు వచ్చాయి. గునుగు రైతుకు కలుపే, కాదనలేను. రోడ్డు పక్కన పడ్డ భూములకు ధరలు పెరిగేసరికి, అసైన్డు భూమి అమ్మరాదని 1977 చట్టం స్పష్టంగా చెబుతున్నా, సాదా కాగితాల మీద చేతులు మారాయి. ఇవ్వాళ ఆ సర్వే నంబరులో కొంత భాగం హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు. ఆ 31 కుటుంబాల పిల్లలలో కొందరింకా అక్కడే సాగు చేసుకుంటున్నారు. ఎక్కువమంది పట్నం చేరారు.

తంగేడు ఖాళీ చేసిన బీడులో ఖాళీ నిలవలేదు. సర్కారు తుమ్మ వచ్చింది. మన శాఖవారు తెలుసుకోవలసిన చరిత్ర ఒకటి దీనికి ఉన్నది. మద్రాసు రాష్ట్రపు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో రెవెన్యూ కార్యదర్శికి ఉత్తరం రాసి, మెట్ట ప్రాంతాలలో వంటచెరకు కోసం ఈ చెట్టు విత్తనాలు తెప్పించమన్నాడు. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. ఒక ఉత్తరంతో మొదలైన దస్త్రం నూట యాభై ఏళ్ళుగా మూతపడలేదు. అది పెరిగిన చోట దాని కింద మరొక మొక్కను సరిగా బతకనివ్వదు. దానికి తోడు వయ్యారిభామ. 1950లలో దిగుమతి గోధుమల వెంట వచ్చి పూనా దగ్గర కనబడ్డదని చెబుతారు. ఇప్పుడు మా ఊరి బాట పక్కన శరత్తులో తెల్లగా కనిపించేది గునుగు కాదు, ఇదే. దూరం నుంచి చూసి నేనే రెండుసార్లు మోసపోయాను.

పదవీ విరమణ తరువాత పెరడు బాగు చేయించి మొదట నేను చేసిన పని హైదరాబాదు నర్సరీనుంచి గులాబీలు, రంగురంగుల క్రోటన్లు తెచ్చి నాటడం. ఆ ఆకుల రంగులు చూసి, అమ్మాయి మేపుల్ చెట్లకు ఇది మన జవాబు అనుకున్నాను. క్రోటన్లు కూడా తూర్పు దీవులనుంచి వచ్చినవేనని అప్పటికి తెలియదు. రెండేళ్ళు గడిచాక ఒక పెత్రామాస నాడు మా ఇంటామె ఉదయమే సంచి పట్టుకుని బయలుదేరి, ఊరి చుట్టూ తిరిగి మధ్యాహ్నానికి వట్టి చేతులతో వచ్చింది. సాయంత్రం ఆటోలో తెచ్చి అమ్ముతున్న తంగేడు కట్ట కొన్నది. వాడిపోయి ఉన్నది. ధర నేను అడగలేదు. పూలు పేరుస్తూ తనలో తాను అనుకున్నట్టుగా, "గిన్ని పూల చెట్లు పెట్టినవు, ఒక్క తంగెడు చెట్టు పెట్టకపోతివి" అన్నది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆమెకు ఆ పంచనామా సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. విని, "ఆ ముసలామె పేరేంది?" అని అడిగింది. నాకు తెలియదు. పంచనామాలో ఆమె లేదు కదా.

తంగేడు పెంచడం సులభమనుకున్నాను, బీడులో దానంతటదే పెరిగేది కదా అని. గుట్టకిందనుంచి రెండు చిన్న మొక్కలు తవ్వి తెచ్చి నాటితే పది రోజులలో ఎండిపోయాయి. దాని వేరు లోతుగా సూటిగా దిగుతుంది, తవ్వితే తెగుతుంది. మరుసటి ఏడు విత్తనాలు చల్లితే ఒకటీ అరా మొలిచాయి, వాటినేమో నేనే గులాబీలతో పాటు రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను. గింజ పెంకు గట్టిది, వేడినీళ్ళలో వేసి ఒక రాత్రి నానబెట్టాలని మేకలు కాసే ఒకాయన చెప్పాడు. చెప్పి, "పటేలా, ఎవరన్న తంగెడుకు నీళ్ళు పోస్తరా?" అని నవ్వాడు. మూడోసారి కుండీలు లేకుండా నేలలోనే, మృగశిర వానకు, ఎత్తు మడి మీద వేశాను. మొలిచాక పట్టించుకోలేదు. అదే దానికి కావలసినదట. మరుసటి ఆశ్వయుజానికి నడుమెత్తు పెరిగి పూసింది. గునుగుకు ఇంత కష్టం లేదు. ఒక్క ఏడు గింజ రాలనిస్తే చాలు, ఇప్పుడు బంతి మళ్ళలోకి కూడా వస్తున్నది. మా ఇంటామె పీకి కూర వండుతున్నది.

క్రోటన్లు తీసివేయలేదు. గోడ వెంబడి ఉన్నాయి. పెరటి వెనుక భాగం రెండు గుంటలు మాత్రం తంగేడు, గునుగులకు వదిలాను. ఇరుగుపొరుగు మొదట "పిచ్చి చెట్లు పెంచుతుండు సారు" అన్నారు. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు, మీ పిచ్చిచెట్టుకు ప్రమోషన్ వచ్చిందని అదే పొరుగాయన వచ్చి చెప్పాడు. సర్కారు ఉత్తరువులో దాని పేరు చూసి నాకు కలిగిన భావం సంతోషమా, సిగ్గా అన్నది చెప్పలేను. రెండూ కలిసినదే కాబోలు.

ఇప్పుడు పెత్రామాస నాడు పొద్దున్నే వాడలన్నిటి నుంచి ఆడపిల్లలు మా పెరటికి వస్తారు. తలుపు ముందురోజు రాత్రే గడియ తీసి పెడతాం. ఒక్కొక్కరు ఒడినిండా తెంపుకుపోతారు. మధ్యాహ్నానికి చెట్లన్నీ బోసిపోతాయి, నాలుగు రోజులలో మళ్ళీ పూస్తాయి. గొంగళ్ళు తిన్న కొమ్మలు కూడా ఉంటాయి, వాటికి మందు కొట్టను. ఊరందరికీ సరిపడవు. బీడు బీడే, పెరడు పెరడే. సద్దుల నాటికి ఆటో కట్టలు ఇప్పటికీ కొంటున్నారు.

పోయిన ఏడు ఆ గ్రామానికి వెళ్ళి వచ్చాను. చావడి లేదు, వేపచెట్టు ఉన్నది. ఆ ముసలమ్మ ఎవరని అడిగితే చెప్పగలిగిన వయసువాళ్ళు ఎవరూ కనపడలేదు. గుట్టకింద ఆమె చెప్పిన మూల రాళ్ళున్నందువల్ల ఎవరూ ప్లాట్లు చేయలేదు, సర్కారు తుమ్మ పెరిగి ఉన్నది. దాని అంచున ఎండ పడే చోట పది తంగేడు పొదలున్నాయి. వాటి కాయలు కోసుకొచ్చాను. ఇప్పుడు మా పెరట్లో ఉత్తరం పక్కన ఉన్నవి ఆ గింజలవే.

మన సభ్యులలో ఇంటి వెనుక ఎంత కాస్త జాగా ఉన్నవారికైనా విత్తనాలు ఇవ్వగలను. సంఘం కార్యాలయంలో ఒక డబ్బాలో పెట్టించాను. గుప్పెడు తీసుకుని వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. మృగశిర దాటకముందే నీరు నిలవని చోట నేలలోనే వేయండి. మొలిచాక నీళ్ళు పోయకండి.